పాడుతున్నది నటుడా, పాత్రా?

2010 నవంబర్ 16న 'గ్లీ: ద మ్యూజిక్, ద క్రిస్మస్ ఆల్బమ్' అమెరికాలో విడుదలైంది. 'గ్లీ' అనే టీవీ ధారావాహికలో ఆ పాటలు పాడే ఎపిసోడ్ మాత్రం డిసెంబర్ 7న గానీ ఫాక్స్ ఛానెల్లో రాలేదు. ఏ పాత్ర ఏ సందర్భంలో ఎవరి కోసం పాడిందో తెలియకుండానే జనం మూడు వారాలపాటు ఆ పాటలు కొనుక్కుని విన్నారు. కథకన్నా ముందు పాట బజారుకెక్కడం మనకు వింత కాదు, ఆడియో ఫంక్షన్లు చూస్తూ పెరిగినవాళ్లం. అయితే మన సినిమా పాట కొత్తది. గ్లీ ఆల్బమ్‌లోని పన్నెండు పాటల్లో ఒక్కటీ కొత్తది కాదు. అన్నీ డిసెంబర్ వస్తే అమెరికాలో వద్దన్నా చెవిన పడేవే. వాటిని ఇంతకన్నా గొప్పగా పాడినవాళ్ల రికార్డులు అప్పటికే చాలా ఇళ్లల్లో ఉన్నాయి. అయినా ఆ ఆల్బమ్ బిల్‌బోర్డ్ 200 జాబితాలో మూడో స్థానం దాకా ఎక్కింది. పది లక్షల కాపీలకిచ్చే ప్లాటినం గుర్తింపూ తెచ్చుకుంది.

జనం డబ్బు పెట్టింది పాటలకు కాదనుకోవాలి. ఒహాయో రాష్ట్రం లైమా పట్నంలో ఉన్నట్టుగా అల్లిన మెకిన్లీ హైస్కూల్లో చదివే రేచల్, ఫిన్, కర్ట్, మెర్సిడెస్‌ల గొంతులకు పెట్టారు. టీవీ తారాగణం చేత పండగ ఆల్బమ్ పాడించే వ్యాపారం అరవై ఏళ్లుగా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తోంది: వారం వారం మన ఇంటికి వచ్చేవాళ్లు పండక్కి మాత్రం రాకుండా ఎలా ఉంటారు? వస్తారు సరే, వచ్చేది నటుడా, పాత్రా? ఈ ఆల్బమ్‌లలో ఏది నిలిచింది, ఏది ఆ జనవరికే పాతసామాన్ల గదిలోకి పోయింది అన్నది చాలావరకు ఈ ప్రశ్న దగ్గరే తేలిపోతుందని నా అభిప్రాయం. పూర్తిగా తేలదనీ చెప్పాలి. ఎక్కడ తేలదో కూడా చూద్దాం.

ఈ వరసలో ముందుగా చెప్పుకోవాల్సినది 1963లో వచ్చిన 'క్రిస్మస్ ఆన్ ద పాండరోసా'. 'బొనాంజా' అప్పటికి నాలుగేళ్లుగా నడుస్తున్న కౌబాయ్ ధారావాహిక. తండ్రి బెన్ కార్ట్‌రైట్, ముగ్గురు తల్లులకు పుట్టిన ముగ్గురు కొడుకులు, నెవాడాలో పాండరోసా అనే పెద్ద పశువుల ఎస్టేటు. ఈ ధారావాహిక ప్రసారమైంది ఎన్‌బీసీలో. ఆ ఎన్‌బీసీ యజమాని ఆర్‌సీఏ. కలర్ టీవీలు తయారుచేసి అమ్మేదీ ఆర్‌సీఏయే. బొనాంజాను మొదటి నుంచీ రంగుల్లో తీయడానికి ఒక కారణం ఆ టీవీలు అమ్ముడుపోవాలనే. ఆల్బమ్ వేసినది ఆర్‌సీఏ విక్టర్. పెట్టె వాళ్లదే, బొమ్మ వాళ్లదే, రికార్డూ వాళ్లదే. తారాగణం పండగ ఆల్బమ్ వెనకనున్న వ్యాపార సూత్రం మొత్తం అప్పటికే తయారైపోయింది. తర్వాత వచ్చినవాళ్లు పేర్లు మార్చారంతే.

అయితే ఆ రికార్డు ఇప్పుడు విన్నా సరదాగానే ఉంటుంది. తండ్రిగా వేసిన లోర్న్ గ్రీన్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో కెనడా రేడియోలో వార్తలు చదివి, ఆ గంభీరమైన గొంతుకే పేరుబడ్డవాడు. పాడతాడనడం కన్నా పాటను చదువుతాడనడం సబబు. పెద్ద కొడుకుగా వేసిన పెర్నెల్ రాబర్ట్స్ నిజంగా పాడగలవాడు. అదే ఏడాది సొంతంగా జానపద గీతాల రికార్డు కూడా ఇచ్చాడు. ఇంకో కొడుకుగా వేసిన భారీకాయుడు డాన్ బ్లాకర్‌కు సంగీతంతో పెద్ద పరిచయం లేదని పాట మొదలైన నిమిషానికే తెలిసిపోతుంది. ఆ తేడాలను ఎవరూ సర్దలేదు. ఒక ఇంట్లో అందరూ ఒకే తీరుగా పాడరు కదా. తండ్రి గొంతు సవరించుకుంటాడు, ఒక కొడుకు బాగా పాడతాడు, ఇంకొకడు మొహమాటపడుతూ పాడతాడు. కార్ట్‌రైట్ల కుటుంబం ఆ రికార్డులో నిజంగానే ఉంది. అన్నట్టు, మరుసటి ఏడాదే లోర్న్ గ్రీన్ 'రింగో' అనే పాటతో అమెరికా జాబితాలో మొదటి స్థానం కొట్టాడు. అదీ మాటల్లో చెప్పినదే.

1970, 71 సంవత్సరాల్లో రెండు ఆల్బమ్‌లు ఈ ప్రశ్నను ఎదురెదురుగా నిలబెట్టాయి. 'బ్రేడీ బంచ్', 'పార్ట్‌రిడ్జ్ ఫ్యామిలీ' రెండూ శుక్రవారం రాత్రి ఏబీసీలో వచ్చేవి. రెండింట్లోనూ బోలెడుమంది పిల్లలున్న కుటుంబాలే. బ్రేడీ పిల్లల చేత 1970లో క్రిస్మస్ పాటలు పాడించారు. పిల్లలు పాడినట్టే ఉంటాయి, అంటే అక్కడక్కడ శ్రుతి జారుతుంది. ఆ మరుసటి ఏడాది వచ్చిన 'పార్ట్‌రిడ్జ్ ఫ్యామిలీ క్రిస్మస్ కార్డ్' దీనికి పూర్తిగా వ్యతిరేకం. కథలో ఆ కుటుంబం పాటల బృందం. బస్సేసుకుని ఊరూరా తిరిగి కచేరీలు చేస్తుంది. తీరా రికార్డు మీద వినబడే తారాగణం ఇద్దరే: తల్లిగా వేసిన షర్లీ జోన్స్, పెద్ద కొడుకుగా వేసిన డేవిడ్ కాసిడీ. (నిజజీవితంలో ఆవిడ అతని సవతి తల్లి. కల్పన వాస్తవానికి ఇంత దగ్గరగా నడవడం అరుదు.) మిగతా గొంతులన్నీ లాస్ ఏంజలెస్ స్టూడియోల్లో గంటల లెక్కన పనిచేసే ఆరితేరిన గాయకులవి. వాయిద్యాలు వాయించినవాళ్లూ అలాంటివాళ్లే. తెర మీద డ్రమ్ముల దగ్గర కూర్చున్న చిన్నవాడు చేతులు ఊపుతాడంతే.

నిజాయితీగా పాడినది నిలుస్తుందనే నా వాదానికి ఇక్కడ గట్టి దెబ్బే తగులుతుంది. బ్రేడీ పిల్లల రికార్డు ఇవాళ పాత జ్ఞాపకాలు పోగుచేసేవాళ్ల దగ్గర ఉంటుంది. పార్ట్‌రిడ్జ్ ఆల్బమ్ 1971 క్రిస్మస్‌కు అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన పండగ ఆల్బమ్. అట్ట మీద నిజమైన గ్రీటింగ్ కార్డు అతికించి మరీ అమ్మారు. సంగీతపరంగానూ అది మెరుగైన రికార్డే, ఒప్పుకోవాలి. టోనీ రోమియో ఆ ఆల్బమ్ కోసమే రాసిన 'మై క్రిస్మస్ కార్డ్ టు యూ' ఇప్పుడు విన్నా చవకబారుగా అనిపించదు. అయితే అది కాసిడీ అభిమానుల ఆల్బమ్, కుటుంబానిది కాదు. గదిలో అతని పోస్టర్ అంటించుకున్న ఆడపిల్లకు కీత్ పార్ట్‌రిడ్జ్ పాడాడా, డేవిడ్ కాసిడీ పాడాడా అన్న పట్టింపు లేదు. ఆ ఇద్దరినీ విడదీయకపోవడమే రికార్డు కంపెనీకి లాభం.

ఇక బొమ్మల దారి వేరు. బొమ్మకు గొంతు ఉండదు గనక ఎవరి గొంతన్న మోసమూ ఉండదు. 'ఆల్విన్ అండ్ ద చిప్‌మంక్స్' ఈ ప్రయాణాన్ని తిరగేసి చేశాయి. టేపు వేగం పెంచి సన్నగా చేసిన గొంతులతో రాస్ బాగ్దసేరియన్ 1958లో ఒక క్రిస్మస్ పాట వదిలాడు. అది మొదటి స్థానానికి వెళ్లింది, మొట్టమొదటి గ్రామీ అవార్డుల్లో మూడు తెచ్చింది. ఆ పేరు మీద 1961లో టీవీ షో వచ్చింది. ముందు పండగ పాట, ఆ తర్వాతే తారాగణం!

1965 డిసెంబర్ 9న సీబీఎస్‌లో వచ్చిన 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్' దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగాలి. నిర్మాత లీ మెండెల్సన్ ఒకరోజు శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెన మీద టాక్సీలో వెళుతూ రేడియోలో ఒక జాజ్ ముక్క విన్నాడు. వాయించినది విన్స్ గరాల్డి. పిల్లల బొమ్మల కార్యక్రమానికి జాజ్ పియానో పెట్టాలని అతనికి అప్పుడు తట్టింది. గరాల్డి కట్టిన వరసల్లో ఒకదానికి మాటలు కావాలనిపిస్తే, రాసేవాళ్లు దొరక్క మెండెల్సన్ తనే ఒక కవరు వెనక పావుగంటలో రాసేశాడు. 'క్రిస్మస్ టైమ్ ఈజ్ హియర్' అలా పుట్టింది. పాడినది శాన్ రఫెల్‌లోని ఒక చర్చి పిల్లల బృందం. గాయక బృందాన్ని నడిపే పెద్దమనిషి ఏ స్వరమూ తప్పకూడదని పట్టుబట్టాడు. మెండెల్సన్, గరాల్డి మాత్రం పిల్లలు పిల్లల్లాగే వినబడాలన్నారు. వాళ్ల మాటే నెగ్గింది. కార్యక్రమం చూసిన సీబీఎస్ అధికారులు పెదవి విరిచారు: నెమ్మదిగా ఉంది, నవ్వుల టేపు లేదు, ఈ జాజ్ ఏమిటి? స్పాన్సర్ కోకాకోలాకు ఇచ్చిన మాట ఉంది గనక ప్రసారం చేయక తప్పలేదు. దానికి ఎమీ, పీబాడీ రెండు అవార్డులూ వచ్చాయి. ఆల్బమ్‌ను 2012లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచదగిన జాతీయ రికార్డింగుల పట్టికలో చేర్చుకుంది.

ఈ ఆల్బమ్‌లో చార్లీ బ్రౌన్ పాడడు. అతని స్నేహితుడు లైనస్ పాడడు. చాలాభాగం మాటలే లేని పియానో, బేస్, డ్రమ్స్. ఆ లెక్కన ఇది తారాగణం ఆల్బమే కాదనవచ్చు. కానీ పండగొచ్చినా సంతోషంగా ఎందుకు లేనో తెలియని ఆ గుండుపిల్లాడి మనసు ఆ పియానోలో దిగినంతగా మరే రికార్డులోనూ ఏ పాత్రా దిగలేదు. నటుడి గొంతు లేకుండానే పాత్ర పాడగలదు. మొదట వేసుకున్న ప్రశ్నను ఇక్కడ కొంచెం మార్చుకోవాల్సి వస్తోంది: గొంతు ఎవరిదైనా కానీ, ఆ కార్యక్రమం స్వభావం రికార్డు మీదికి వచ్చిందా లేదా?

మరుసటి ఏడాది వచ్చిన 'హౌ ద గ్రించ్ స్టోల్ క్రిస్మస్' ఈ సంగతికి చేదుగా సాక్ష్యం చెబుతుంది. కథ చెప్పినది బోరిస్ కార్లోఫ్. గ్రించ్‌ను తిట్టే ఆ ప్రసిద్ధమైన పాట పాడినది థర్ల్ రావెన్స్‌క్రాఫ్ట్. పేర్ల పట్టికలో ఆయన పేరు వేయడం మరిచిపోయారు. పాట కూడా కార్లోఫే పాడాడని లోకం అనుకుంది. రికార్డుకొచ్చిన గ్రామీ కార్లోఫ్ పేరున వెళ్లింది. జరిగిన పొరపాటు చెప్పుకోవడానికి కథ రాసిన డాక్టర్ స్యూస్ పత్రికల్లో కాలమ్‌లు రాసేవాళ్లకు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది.

బొమ్మల్లో ఇంకొకటి తప్పక చెప్పాలి, 1979 నాటి 'జాన్ డెన్వర్ అండ్ ద మపెట్స్: ఎ క్రిస్మస్ టుగెదర్'. ఒక మామూలు గాయకుడి పక్కన కప్ప, పంది, ఎలుగుబంటి పాడతాయి. కర్మిట్ కర్మిట్‌లాగే, మిస్ పిగ్గీ తన వంతు కన్నా రెండింతలు గొంతు పెంచి పాడుతుంది. వింటుంటే ఎవరు పాడుతున్నారన్న సందేహమే రాదు. తెరచాటున చేతికి బొమ్మ తొడుక్కుని పాడే మనిషి తన మొహం కనబడాలని కోరుకోకపోవడం వల్లేమో, తారాగణం పండగ ఆల్బమ్‌లన్నిట్లోనూ పాత్రలు ఇంత పరిపూర్ణంగా ఉన్నది ఇందులోనే.

ఇంగ్లండులో కథ వేరు. అక్కడ పోటీ ఆల్బమ్ మీద కాదు, క్రిస్మస్ వారంలో సింగిల్స్ జాబితాలో మొదటి స్థానం ఎవరిదన్న దాని మీద. దానికి పందాలు కూడా కాస్తారు. 1971లో హాస్యనటుడు బెన్నీ హిల్, 1993లో గులాబీ రంగు రబ్బరు బొమ్మ మిస్టర్ బ్లాబీ, 2000లో పిల్లల కార్యక్రమం 'బాబ్ ద బిల్డర్' ఆ స్థానం దక్కించుకున్నారు. అదొక జాతీయ సరదా. సంగీత విమర్శ అక్కడ పనిచేయదు.

తొంభైల చివరకొచ్చేసరికి టీవీకి తెలివి ఎక్కువైంది. 'సౌత్ పార్క్' 1999లో వేసిన 'మిస్టర్ హాంకీస్ క్రిస్మస్ క్లాసిక్స్' ఈ ఆల్బమ్‌ల సంప్రదాయాన్ని అశుద్ధంలో ముంచి తీసింది, మిస్టర్ హాంకీ ఎవరో తెలిసినవాళ్లకు ఇది అతిశయోక్తి కాదని తెలుసు. 2004 నాటి 'ద ఓసీ' ఆల్బమ్ అసలు తారాగణం చేత పాడించే తంటానే పెట్టుకోలేదు. తండ్రి యూదు, తల్లి క్రైస్తవురాలు అయిన సెత్ కోహెన్ కల్పించుకున్న కలగలుపు పండగ పేరు పెట్టి, లో, జిమ్మీ ఈట్ వరల్డ్ లాంటి బ్యాండ్ల పాటలు పేర్చింది. అంటే ఆ పాత్ర మనకోసం ఏరి ఇచ్చిన పాటల జాబితా. స్టీఫెన్ కోల్బేర్ 2008లో చేసిన 'ఎ కోల్బేర్ క్రిస్మస్' ఇంకా గడుసుది. కోల్బేర్ అప్పట్లో తన పేరుతోనే ఒక డాంబికుడైన మితవాద వ్యాఖ్యాత పాత్ర వేసేవాడు. నటుడా పాత్రా అన్న ప్రశ్ననే ఆయన పాటగా మార్చుకున్నాడు. క్రిస్మస్ పాట రాస్తే ఏటేటా వచ్చే రాబడి గురించి ఆ ఆల్బమ్‌లోనే పాడాడు. దానికి ఉత్తమ హాస్య ఆల్బమ్ గ్రామీ వచ్చింది.

వీటన్నిటి మధ్య 2000లో వచ్చిన 'ఎ వెరీ ఆలీ క్రిస్మస్' ఉంది. 'ఆలీ మెక్‌బీల్' లాయర్ల ప్రేమకథ. బార్‌లో పాడే వోండా షెపర్డ్ అందులో రోజూ కనబడే గాయని గనక ఆల్బమ్ భారమంతా ఆవిడదే. మిగతావాళ్లు పాడినవి కొన్ని ఆఫీసు పార్టీల్లో మైకు చేతికిచ్చినట్టుంటాయి. రాబర్ట్ డౌనీ జూనియర్ పాడిన 'రివర్' మాత్రం ఆ వరసలో చేరదు. జోనీ మిచెల్ 1971లో విడుదల చేసిన ఆ పాట పండగ పాట కానేకాదు, పండగ రోజుల్లో ఊరొదిలి పోవాలనుకునే మనిషిది. డౌనీ గొంతు శిక్షణ పొందినది కాదు. ఆ పాటకు అదే సరిపోయింది.

ఇక్కడ వ్యాపారం సంగతి ఒకటి చెప్పుకోవాలి. 'ఓ హోలీ నైట్', 'జింగిల్ బెల్స్', 'గాడ్ రెస్ట్ యే' లాంటివి పందొమ్మిదో శతాబ్దానివీ అంతకన్నా పాతవీ. వాటి మీద ఎవరికీ హక్కులు లేవు, రాయల్టీ కట్టక్కర్లేదు. 'లాస్ట్ క్రిస్మస్' పాడితే కట్టాలి. గ్లీ మొదటి క్రిస్మస్ ఆల్బమ్‌లో సుమారు సగం హక్కుల్లేని పాత కీర్తనలే. ఆ ఎపిసోడ్ చూసి ఆల్బమ్ పక్కన పెట్టుకుంటే ఇంకో విశేషం తెలుస్తుంది: ఆ కీర్తనలు కథలో వినబడవు. కథలోకి వచ్చినవన్నీ డబ్బు కట్టి తెచ్చుకున్నవి. మిగతావి సీడీ నింపడానికి పాడించినవి. రేచల్‌గా వేసిన లియా మిషెల్ 'ఓ హోలీ నైట్' గొప్పగా పాడుతుంది, అందులో సందేహం లేదు. కానీ అది ఎవరు పాడినా అలాగే ఉండే పాట. రేచల్ అందులో లేదు.

కథలోకొచ్చినవి వింటే తేడా తెలుస్తుంది. 'బేబీ, ఇట్స్ కోల్డ్ అవుట్‌సైడ్' ఫ్రాంక్ లోసర్ 1944లో రాసిన యుగళగీతం. వెళ్లిపోతానంటున్న అమ్మాయిని ఉండమని అబ్బాయి బతిమాలుతాడు. గ్లీలో దాన్ని కర్ట్, బ్లేన్ అనే ఇద్దరు అబ్బాయిలు పాడారు. ఇంకొకరితో పాడాలి, నాతో ప్రాక్టీస్ చేస్తావా అని బ్లేన్ అడుగుతాడు. కర్ట్‌కు అతనంటే ఇష్టం. చెప్పుకోలేడు. పాట సాగినంతసేపూ దొరికిన ఆ కాస్త వీలుతో కర్ట్ ఏమేం ఆశపడుతున్నాడో ఆ పాత్ర వేసిన క్రిస్ కోల్ఫర్ గొంతులో వినబడుతుంది. 'వి నీడ్ ఎ లిటిల్ క్రిస్మస్' అయితే 1966 నాటి బ్రాడ్‌వే నాటకం 'మేమ్' కోసం జెర్రీ హెర్మన్ రాసినది. 1929లో షేర్ మార్కెట్ కూలి అంతా పోగొట్టుకున్న ఇంట్లో, క్రిస్మస్ ఇంకా రాకముందే, దిగులు పోగొట్టుకోవడానికి పాడే పాట. గ్లీ పిల్లలు తరగతి గదుల్లోకెళ్లి పాడితే విననివాళ్లు వాళ్లను వెళ్లగొడతారు. అసలు పాటలోని దిగులును అలా ఇంకో దారిన నిలబెట్టుకున్నారు. గ్రించ్ పాటనూ, 1964 టీవీ బొమ్మల కథ 'రుడాల్ఫ్' కోసం జానీ మార్క్స్ రాసిన పాటనూ కూడా తెచ్చుకున్నారు. రుడాల్ఫ్ కథలో ఆ పాట పాడేవి ఎవరికీ అక్కర్లేని వంకర బొమ్మలు. గ్లీ క్లబ్బు అంటే బళ్లో ఎవరికీ అక్కర్లేని పిల్లలు. ఈ ఎన్నికలో తెలివి ఉంది. అప్పటికి అమెరికన్ క్రిస్మస్ జ్ఞాపకంలో సగం టీవీయే తయారుచేసినదనీ గుర్తుకొస్తుంది.

గ్లీతో నాకున్న పేచీ గొంతుల మెరుగుతో. ఆడమ్ ఆండర్స్, పియర్ ఆస్ట్రోమ్‌ల నిర్మాణంలో ప్రతి గొంతూ ఒకేలా నిగనిగలాడుతుంది. వారానికి ఐదారు పాటల చొప్పున తయారు చేస్తుంటే తీరిక ఎక్కడిది? 2011 ఫిబ్రవరికల్లా హాట్ 100 జాబితాలోకి ఎక్కిన పాటల లెక్కలో గ్లీ తారాగణం 108 పాటల ఎల్విస్ ప్రెస్లీని దాటేసింది. అది ఫ్యాక్టరీ వేగం. కథ ప్రకారం వీళ్లు ఓడిపోతూ ఉండే బడి పిల్లలు. రికార్డులో మాత్రం ఎవరూ ఎక్కడా తడబడరు. బొనాంజాలో డాన్ బ్లాకర్ తడబాటుకు చోటిచ్చారు, చార్లీ బ్రౌన్ పాటలో పిల్లల శ్రుతి జారినా ఉంచేశారు. గ్లీలో అలాంటిది దొరకాలంటే తెర మీదే చూడాలి. 2011లో రెండో క్రిస్మస్ ఆల్బమ్, ఆ తర్వాత మూడోది, నాలుగోది వచ్చాయి. రెండోదానికి జతగా వచ్చిన ఎపిసోడ్‌లో 1963 నాటి జూడీ గార్లాండ్ క్రిస్మస్ కార్యక్రమాన్ని తెలుపు నలుపుల్లో అనుకరించారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, రికార్డు మీద ఆ ముచ్చట మిగల్లేదు. చివరి రెండూ అభిమానుల కోసమే.

మన దగ్గర సంక్రాంతి, ఉగాదులకు తెలుగు ఛానెళ్లు సీరియళ్ల నటీనటులందరినీ ఒక వేదిక ఎక్కించి ఆడిస్తాయి, పాడిస్తాయి. అత్తగా వేసినావిడ, కోడలిగా వేసినావిడ కలిసి డాన్సు చేస్తే ఇంటిల్లిపాదీ చూస్తారు. వ్యాపార సూత్రం అదే. అయితే ఇక్కడ అవి విడిగా ఆల్బమ్‌గా వచ్చే ఆనవాయితీ లేదు, ఎందుకంటే ఆ వేదిక మీద పాడేవీ ఆడేవీ సినిమా పాటలే, వాటి హక్కులు సినిమా ఆడియో కంపెనీలవి. తెలుగు క్రిస్మస్ పాటల ఆల్బమ్‌లు ఏటా వస్తాయి. అవి చర్చి వైపు నుంచి వచ్చేవి, టీవీ కథల నుంచి కాదు.

స్ట్రీమింగ్ వచ్చాక అమెరికాలోనూ ఈ ఆల్బమ్‌లు పలచబడ్డాయి. 'నాష్‌విల్' తారాగణం 2014లో ఒకటి చేసింది. కథ కంట్రీ సంగీతకారులదే గనక పాడటంలో ఇబ్బంది లేదు, విశేషమూ లేదు. డిస్నీ ప్లస్ కోసం 2020లో 'హై స్కూల్ మ్యూజికల్' సిరీస్ పిల్లలు పాడారు. ఈలోగా పాత పాటలే డిసెంబర్‌లో మళ్లీ జాబితాలు ఎక్కడం మొదలైంది. 1994 నాటి మరయా కేరీ పాట 2019లో మొదటి స్థానానికి వెళ్లింది. ఆ రద్దీలో కొత్త తారాగణం రికార్డుకు చోటు దొరకడం కష్టం. వినేవాళ్లు కూడా ఇప్పుడు ఆల్బమ్ మొత్తం వినరు, ఒక్కో పాట తెచ్చుకుంటారు. గ్లీ నాలుగు ఆల్బమ్‌లలోంచి నేను తెచ్చుకునేవి మూడు: కర్ట్, బ్లేన్‌ల యుగళగీతం, ఫిన్‌గా వేసిన కోరీ మాంటీత్ కూడా పాడిన 'లాస్ట్ క్రిస్మస్', కె.డి.లాంగ్‌తో కలిసి తారాగణంలోని మాథ్యూ మోరిసన్ పాడిన గ్రించ్ పాట. ఆ మూడోదాన్ని వినేముందు రావెన్స్‌క్రాఫ్ట్ పాడినదాన్ని ఒకసారి వినడం మంచిది.